లాభం పెరిగినా షేరు ఎందుకు పడింది?

మీరు అడిగింది ఇది: మీ దగ్గరున్న కంపెనీకి ఈ క్వార్టర్‌లో లాభం 30 శాతం పెరిగింది, పేపర్లన్నీ బాగుందనే రాశాయి, మర్నాడు పొద్దున్నే షేరు 7 శాతం పడింది. ఎవరైనా కావాలని తొక్కేస్తున్నారా, అమ్మేయాలా అని. సరిగ్గా ఇదే దెబ్బ నేనూ తిన్నాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. ఇంటి వ్యాపారం జీడిపప్పు. షేర్ల కంటే ముందు పిక్కల (పెంకుతో ఉన్న జీడి గింజల) సంగతి చెప్తాను, ఎందుకంటే నాకు ఈ విషయం అర్థమైంది అక్కడే.

మా ఉద్దానం ప్రాంతంలో జీడి పంట మార్చి నుంచి మే దాకా దిగుతుంది. పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన కొంటాం. వ్యాపారంలోకి వచ్చిన కొత్తలో ఒక ఏడు, దసరా ఇంకా రెండు వారాలుందనగా, పప్పు ఆర్డర్ల జోరు చూసి మరో 50 బస్తాలు కొందామని బయల్దేరాను. మా పెదనాన్న ఆపేశారు. "పండగొస్తాదని ఊరందరికీ తెలీదేటిరా? నీకొక్కడికే తెలుసేటి?" అన్నారు. నిజమే. పండగ గిరాకీ ఉంటుందని తెలిసిన వాళ్లంతా జూలైలోనే కొని పెట్టుకున్నారు, ధర అప్పుడే ఎక్కేసింది. ఆ ఏడు పండగ బాగానే జరిగింది, పప్పు బాగానే అమ్ముడైంది. కానీ దసరా వారంలో పిక్క ధర దిగింది. ముందు కొన్నవాళ్లు సరుకు బయటికి తీశారు, కొత్తగా కొనేవాడు మిగల్లేదు.

మీది విజయనగరం అన్నారు కాబట్టి భోగాపురం గుర్తు చేసుకోండి. 2023 మేలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగే నాటికి, చుట్టుపక్కల భూముల రేట్లలో ఆ విమానాశ్రయం ఎప్పుడో కలిసిపోయింది. శంకుస్థాపన ఫొటో పేపర్లో చూసి కొనడానికి వెళ్లినవాడు ఆ రేటే కట్టాలి.

ఇంత తెలిసీ 2021లో నేను ఆ తప్పే చేశాను. ఒక మధ్యతరహా కంపెనీ, పేరు వద్దు. సాయంత్రం ఫలితాలు వచ్చాయి, లాభం దాదాపు రెట్టింపు. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున్న పిక్కలు ఉడకబెట్టే బాయిలర్ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. 9:15కి మార్కెట్ తెరిచింది, ముందు రోజు 640 ఉన్న షేరు 668 దగ్గర మొదలైంది. 150 షేర్లు కొన్నాను, లక్ష రూపాయలు. పదిన్నరకి 620. సాయంత్రానికి 597. ఒక్క రోజులో 10,650 రూపాయలు పోయాయి. ఆ రోజు అన్నం సయించలేదు.

రాత్రి కూర్చుని చార్ట్ వెనక్కి జరిపి చూశాను. నాలుగు నెలల కింద అదే షేరు 410. అంటే ఫలితాలు బాగుంటాయని లెక్కేసుకున్నవాళ్లు 410 నుంచి 640 దాకా కొంటూ వచ్చారు. వాళ్లు ఎదురుచూసిన రోజు అదే. ఆ రోజు వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, మామూలు రోజుల కంటే ఆరు రెట్లుంది. వాళ్లు అమ్ముతుంటే, కొన్నది నాలాంటి వాళ్లం.

ఇక మీ 30 శాతం సంగతి. పేపరు పోల్చేది పోయినేడాది ఇదే మూడు నెలలతో. మార్కెట్ పోల్చేది తను అనుకున్న లెక్కతో. పోయినేడాది లాభం 100 కోట్లు, ఇప్పుడు 130 కోట్లు అనుకోండి. పేపర్లో 30 శాతం పెరిగిందని వస్తుంది. కానీ మార్కెట్ 145 కోట్లు వస్తుందని నమ్మి ఆ ధర కట్టి ఉంటే, దాని లెక్కలో 15 కోట్లు తగ్గినట్టే. రెండూ నిజాలే.

పైగా షేరు కొనేవాడు గడిచిన మూడు నెలలకి డబ్బు కట్టడం లేదు, రాబోయే ఏళ్లకి కడుతున్నాడు. 2023 ఏప్రిల్ 13న ఇన్ఫోసిస్ ఫలితాలు వచ్చాయి. లాభం 6,128 కోట్లు, ఏడాది కిందటి కంటే దాదాపు 8 శాతం ఎక్కువ. కానీ మార్కెట్ ఇంకా ఎక్కువే ఆశించింది, దానికి తోడు వచ్చే ఏడాది ఆదాయం 4 నుంచి 7 శాతమే పెరగొచ్చని కంపెనీయే చెప్పింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు, తర్వాత శని, ఆదివారాలు. సోమవారం షేరు 9 శాతం పైగా పడింది.

ఇంకోటి, 2024 జనవరిలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్. లాభం 16,372 కోట్లు, 33 శాతం ఎక్కువ. మర్నాడు షేరు 8 శాతం పైగా పడింది. అంతకు ముందు జూలైలోనే ఇళ్ల అప్పులిచ్చే హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ ఆ బ్యాంకులో కలిసింది కాబట్టి ఆ 33 శాతం సాటి పోలిక కాదు. ఇద్దరు అన్నదమ్ముల గోడౌన్లు కలిపేసి సరుకు పెరిగిందన్నట్టు ఉంటుంది. మార్కెట్ చూసింది వేరే: డిపాజిట్లు అనుకున్నంత రావడం లేదు, వడ్డీ మార్జిన్ (బ్యాంకు తీసుకునే వడ్డీకీ ఇచ్చే వడ్డీకీ మధ్య మిగిలేది) కదలడం లేదు. మా వ్యాపారంలోనూ అంతే. ఎన్ని కిలోలు అమ్మామన్నది ఊరికి చెప్పుకోవడానికి బాగుంటుంది, బస్తాకి ఎంత మిగిలిందన్నదే ఇంట్లో లెక్క.

అనుకున్న దానికంటే ఎక్కువ వచ్చినా పడొచ్చు. 2024 ఆగస్టులో అమెరికాలో చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా అమ్మకాలు ఏడాదిలో రెట్టింపు దాటి 3,000 కోట్ల డాలర్లు అయ్యాయి, అంచనాలనూ దాటాయి. అయినా మర్నాడు 6 శాతం పడింది. అంతకు ముందు క్వార్టర్లలో అంచనాని ఇంకా భారీగా దాటడం అలవాటు చేసింది మరి.

ఫలితాల కాగితాన్ని మీరే తెరిచి చూడండి, ఎన్ఎస్ఈ, బీఎస్ఈ స్టాక్ ఎక్స్చేంజీల సైట్లలో ఊరికే దొరుకుతుంది. పిక్కలు కొనేటప్పుడు బస్తా పైపైన చూసి బేరం ఆడం, గుప్పెడు తీసి కోసి చూస్తాం, లోపల పప్పు నిండుగా ఉందా, నల్లబడిందా అని. లాభాన్నీ అలాగే కోసి చూడాలి. ఇతర ఆదాయం ఎంత, స్థలమో వాటాయో అమ్మితే వచ్చిన డబ్బు అందులో కలిసిందా, కింద చిన్న అక్షరాల్లో నోట్స్ ఏమంటున్నాయి. నేను కొన్న కంపెనీ లాభంలో నాలుగో వంతు పాత స్థలం అమ్మిన డబ్బే. కొన్న మూడు రోజులకి చదివాను.

బోనస్, డివిడెండ్ వల్ల పడితే అసలు అది నష్టమే కాదు. 1:1 బోనస్ (ఉన్న ఒక్కో షేరుకి ఇంకోటి ఊరికే ఇవ్వడం) ఎక్స్‌డేట్ రోజు, అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి బోనస్ రాని రోజు, ధర సగమవుతుంది, కొత్త షేర్లు మీ డీమ్యాట్ ఖాతాలో కనపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా యాప్‌లో సగం డబ్బు పోయినట్టు ఎర్రగా చూపిస్తుంది. మా వదిన ఆ టెన్షన్‌లో అమ్మేయబోతే పట్టుకుని ఆపాను.

తొక్కేస్తున్నారా అన్నదానికి: చిన్న చిన్న షేర్లలో అలాంటివి జరుగుతాయి, టెలిగ్రామ్ టిప్పుల మీద లేచిన షేరైతే అనుమానించాల్సిందే. రోజూ వందల కోట్ల లావాదేవీలు జరిగే పెద్ద కంపెనీ అయితే ఆ అవకాశం చాలా తక్కువ, పైన చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. ఆ రోజు నిఫ్టీ (మార్కెట్ మొత్తం ఎటు పోతోందో చెప్పే సూచీ) కూడా పడిందేమో చూడండి.

అమ్మాలా అంటే, ఒక్క రోజు పడిందని మాత్రం అమ్మకండి. ఏ కారణంతో కొన్నారో అది ఇంకా ఉందా అని చూడండి. ఫలితాల తర్వాత యాజమాన్యం మాట్లాడే కాన్‌కాల్ రాతప్రతి కొద్ది రోజుల్లో వస్తుంది, అందులో ఆర్డర్లు, ముడిసరుకు ఖర్చు గురించి ఏం చెప్పారో చదవండి. వరసగా రెండు క్వార్టర్లు మార్జిన్ (అమ్మకాల్లో లాభంగా మిగిలే వాటా) తగ్గుతుంటే నేనైతే బయటికి వచ్చేస్తాను. అప్పు చేసి కొన్న షేర్లైతే ఈ లెక్కలేవీ చూడక్కర్లేదు, ముందు అప్పు తీర్చేయండి. నా 150 షేర్లు 14 నెలలు ఉంచుకుని 655కి అమ్మాను. అప్పటి నుంచి ఫలితాల మర్నాడు పొద్దున్న దేన్నీ కొనలేదు. కొనాలనిపించినా కాన్‌కాల్ చదివాకే.

కంపెనీ ఏదో, ఎంతకి కొన్నారో రాయండి. ఆ ఫలితాల కాగితం నేనూ తీసి చదువుతాను.