టెక్కలి గ్రానైట్ యూనిట్‌లో కట్టర్ ఆన్ చేయగానే సోలార్ ట్రిప్: ఇంకో బ్యాటరీ అక్కర్లేదు

లైను పోయి జనరేటర్ మీద ఉన్నప్పుడు 100 హెచ్‌పీ కట్టర్ ఆన్ చేస్తే ఫ్రీక్వెన్సీ మామూలు 50 హెర్ట్జ్ నుంచి 47.5కి పడి సోలార్ ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది, 100 కిలోవాట్ల బ్యాటరీ ఉన్నా ఆగట్లేదు, ఇంకోటి కొనాలా అని అడిగారు. కొనకండి. 100 కిలోవాట్లు 30 సెకన్లు ఇచ్చినా ఖర్చయ్యేది ఒక యూనిట్ కూడా కాదు. మీకు తక్కువైంది నిల్వ కాదండీ, వేగం.

మీరు రాసిన డ్రూప్ (ఫ్రీక్వెన్సీ ఎంత శాతం పడితే బ్యాటరీ పూర్తి పవర్ ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) 5 శాతం. అంటే 2.5 హెర్ట్జ్ పడితేగానీ బ్యాటరీ పూర్తి పవర్ ఇవ్వదు. 49కి పడినప్పుడు ఇచ్చేది 40 కిలోవాట్లే. పూర్తిగా అందుకునేది సరిగ్గా 47.5 దగ్గర, అప్పటికే సోలార్ పోతుంది. డ్రూప్ 2 శాతానికి తెండి, 49కే మొత్తం 100 వస్తుంది. 1 శాతానికి మాత్రం దించొద్దు, జనరేటర్ వేగాన్ని నిలిపే గవర్నర్‌తో పోటీపడి ఫ్రీక్వెన్సీ ఊగుతూనే ఉంటుంది. డెడ్‌బ్యాండ్, అంటే బ్యాటరీ పట్టించుకోకుండా వదిలేసే చిన్న తేడా, 0.05 హెర్ట్జ్ చాలు. ఫ్రీక్వెన్సీ కొలిచే సమయం 500 మిల్లీసెకన్లు ఉంటే 100కి తగ్గించండి. మరీ తగ్గిస్తే మోటారు స్టార్టింగ్ కుదుపునే ఫ్రీక్వెన్సీ మార్పనుకుని తప్పుగా స్పందిస్తుంది.

చార్జ్ 60 శాతం దగ్గర ఉంచండి. నిండా ఉంటే, కట్టర్ ఆపినప్పుడు మిగిలే పవర్‌ను బ్యాటరీ పీల్చుకోలేదు, ఫ్రీక్వెన్సీ ఎగిరి ఈసారి పైవైపు ట్రిప్ అవుతుంది.

ముందు ఇన్వర్టర్ ఈవెంట్ లాగ్ తప్పకుండా చూడండి. అందులో అండర్ వోల్టేజ్ (వోల్టేజ్ పడిపోయింది) అని ఉంటే డ్రూప్ మార్చి లాభం లేదు. డైరెక్ట్ స్టార్టర్‌తో మోటారు మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంట్ లాగి వోల్టేజ్‌ను పడేస్తుంది, కట్టర్‌కి మోటారును మెల్లగా ఎక్కించే సాఫ్ట్ స్టార్టర్ పెట్టి మూడు రెట్లకు కట్టడి చేయాలి.