డాబా మీద యాంటెన్నా పెట్టిన కుర్రాడు ఆర్మీ రేడియోలు చేయగలడా?

ప్రశ్న: మా వాడు గుంటూరులో బీటెక్ ఈసీఈ మూడో ఏడు. పెన్‌డ్రైవ్ లాంటి పరికరం ఒకటి కొని ల్యాప్‌టాప్‌కి గుచ్చి, డాబా మీద యాంటెన్నా కట్టి, అర్ధరాత్రి దాకా దాంతోనే ఉంటున్నాడు. సైన్యం వాడే చేతి రేడియోలు, సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి, తయారుచేసే పనిలోకి వెళ్తానంటున్నాడు. తోటివాళ్లంతా కోడింగ్ కోర్సుల్లో చేరిపోయారు. ఈ లైన్‌లో ఉద్యోగాలుంటాయా? పోలీసు గొడవలేమీ రావు కదా?
- ఒక తండ్రి, అరండల్‌పేట

జవాబు: ముందు పోలీసుల టెన్షన్ సంగతి చూద్దాం. ఎఫ్‌ఎం స్టేషన్లు వింటే ఎవరూ ఏమీ అనరు. పోలీసుల, సైన్యం మాటలు వినాలని చూడటం, లైసెన్సు లేకుండా ఇష్టమొచ్చిన ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేయడం మాత్రం తప్పు. అంత సరదా ఉంటే, లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునే హ్యామ్ రేడియో పరీక్ష రాయించండి. పన్నెండేళ్లు నిండితే చాలు.

ఇక అసలు సంగతి. పాత వాకీటాకీలో మాటను తరంగం మీద పంపే పద్ధతి మార్చాలంటే లోపలి సర్క్యూటే మార్చాలి. ఈ కొత్త రేడియోలో యాంటెన్నా పట్టిన తరంగం అంకెలుగా మారిపోతుంది, మిగతా పనంతా ప్రోగ్రామ్ చేస్తుంది. మీ వాడిని ఒక్కటి అడగండి: ‘ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌తో పాట వింటున్నావా, నువ్వే రాశావా?’ ఎఫ్‌ఎం పాటను బయటికి తీయడం పైథాన్‌లో ఇరవై లైన్ల పని. అంకెలుగా మారిన తరంగంలో పక్కపక్కనే ఉన్న రెండు నమూనాల మధ్య ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో చెప్పే కోణం) ఎంత మారిందో లెక్కేస్తే, ఆ మార్పే శబ్దం. అది తను రాసి పాట వినిపించాడంటే సిగ్నల్స్ సబ్జెక్టు బుర్రకెక్కినట్టే. రాయలేదంటే వాడిది ఇంకా సరదానే, అందులో తప్పేమీ లేదు.

అరచేతిలో పట్టే రేడియోలో మాటల్ని సంకేతాల్లో దాచడమే కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి చెమటలు పట్టించేది బ్యాటరీ. శత్రువు పసిగట్టకుండా రేడియో సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ దూకుతుంది. రెండు వైపులా గడియారాలు కలవకపోతే ఒకరి మాట ఒకరికి చేరదు. లెక్కలు చేసే చిప్ కరెంటు తాగుతుంది. క్లిష్టమైన సిగ్నల్ చెదరకుండా పంపాలంటే దానికి బలం పెంచే ఆంప్లిఫయర్ తీసుకున్న కరెంటులో చాలాభాగం వేడిగా పోతుంది. నీళ్లు దూరని మూసిన డబ్బాలో ఫ్యాన్ పెట్టలేం. బరువు తగ్గించమంటారు, రోజంతా నడవమంటారు. ఈ రెండిటి మధ్యే ఇంజినీర్లు నలిగిపోతుంటారు.

కాబట్టి కోడింగా, ఎలక్ట్రానిక్సా అని తేల్చుకోవాల్సిన పనిలేదు, ఇక్కడ రెండూ కావాలి. సి++, వెరిలాగ్ (చిప్ లోపలి సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష), డిజిటల్ కమ్యూనికేషన్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (డీఎస్పీ), వీలైతే రేడియో తరంగాల సర్క్యూట్ల సబ్జెక్టు ఆర్‌ఎఫ్. నాలుగు వారాల సర్టిఫికెట్ కోర్సుతో వచ్చే విద్య కాదిది.

ఉద్యోగాల మాటకొస్తే, బందరులో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఉంది కదా అంటారు మనవాళ్లు. అక్కడ ప్రధానంగా చేసేది చీకట్లో చూసే పరికరాలు. రేడియోల పని బెంగళూరు, పంచకుల వైపు ఎక్కువ. 2021లో నౌకాదళం కోసం ఇలాంటి రేడియోలకు రక్షణ శాఖ బెల్‌తో వెయ్యి కోట్లు దాటిన ఒప్పందం చేసుకుంది. దాని రూపకల్పనలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డెహ్రాడూన్ ల్యాబ్ ‘డీల్’ ఉంది. డీఆర్‌డీఓ శాస్త్రవేత్త పోస్టులకు గేట్ (ఇంజినీరింగ్ వాళ్లు రాసే జాతీయ పరీక్ష) స్కోరు అడుగుతారు. బెల్ రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెడుతుంది. యూనిఫాం వేసుకుని సైన్యంలో కమ్యూనికేషన్లు చూసే సిగ్నల్స్ కోర్‌లో చేరడం వేరే దారి. అక్కడ రేడియోలు వాడతారు, నడిపిస్తారు, తయారుచేయరు. మీ వాడికి ఏది కావాలో ముందు తేల్చుకోమనండి. పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

క్యాంపస్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ వస్తే వదులుకోమని మాత్రం నేను చెప్పను. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరి చేతిలోనూ లేదు.

ఈ సెలవుల్లో ఒక పని అప్పజెప్పండి. ఆ ఎఫ్‌ఎం ప్రోగ్రామ్‌ను ల్యాప్‌టాప్ నుంచి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులోకి మార్చి, పవర్ బ్యాంక్ మీద ఎన్ని గంటలు నడుస్తుందో నోట్‌బుక్‌లో రాయమనండి. తర్వాత కోడ్ సరిచేసి అరగంటైనా పెంచమనండి. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లాలి. గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్లలో వస్తాయి, మూడో ఏడాది వాళ్లూ రాయొచ్చు.