అప్పు చేసి పాత చిత్రం కొంటారా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని నాంత్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. భార్య, ఇద్దరు పిల్లలు. నా జీతమే ఆధారం. అమ్మానాన్నలు విజయవాడలో ఉంటారు. నెల ఖర్చు 2,600 యూరోలు, లివ్రే-ఆ అనే పొదుపు ఖాతాలో 2,100 ఉన్నాయి. బ్రెస్ట్ ఓడరేవును సిరాతో గీసిన 18వ శతాబ్దపు చిత్రం వేలానికి వస్తోంది. కేటలాగ్‌లో చిత్రకారుడి పేరు దగ్గర ‘నికొలా ఒజాన్‌కు ఆపాదితం’ అని ఉంది. 4,500 దాకా పాడదామని, 14 శాతం వడ్డీకి 3 ఏళ్ల గడువుతో 6,000 లోన్‌పై మొన్న శుక్రవారం సంతకం చేశాను. తర్వాత అమ్మితే లాభం వస్తుందా?

జవాబు: ఈ వేలం వదిలేయండి. ‘మంచి వస్తువు, ఎప్పటికైనా ధర పెరుగుతుంది’ అనుకుంటూ అప్పు చేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు మీ ఇంటి సంగతి. చేతిలో ఉన్న డబ్బు ఒక్క నెలకు కూడా చాలదు. రేపు ఉద్యోగం పోతే అద్దె ఎలా కడతారు? నిరుద్యోగ భృతి జీతంలో కొంత భాగమే, అదీ మొదటి రోజు నుంచే రాదు. నాన్నగారికి ఒంట్లో బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే టికెట్లకే ఉన్నదంతా అయిపోతుంది. ఆరు నెలల ఖర్చు, అంటే 15,600 యూరోలు అత్యవసర నిధిగా పోగయ్యేదాకా ఇంకో ఆలోచన పెట్టుకోకండి. లివ్రే-ఆ పరిమితి 22,950, అందులోనే సరిపోతుంది. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

ఇక చిత్రం. పాట 4,500 దగ్గర ఆగినా మీరు కట్టేది అంతకాదు. వేలంలో కొనేవాళ్ల దగ్గర 25 నుంచి 30 శాతం కమిషన్ తీసుకోవడం మామూలే. 28 శాతం అనుకుంటే 5,760. మర్నాడే అదే ధరకు అమ్మినా 1,260 పోయినట్టే, అమ్మకం కమిషన్ వేరు. లోన్‌కు నెలకు 205 చొప్పున 3 ఏళ్లు కడితే, అందులో వడ్డీయే దాదాపు 1,380 అవుతుంది. 5,000 దాటి అమ్మితే, లాభం వచ్చినా రాకపోయినా అమ్మకం ధరపై 6.5 శాతం పన్ను. కొన్న రసీదు చూపిస్తే లాభం మీదే కట్టే పద్ధతి ఎంచుకోవచ్చు. ఇన్నీ పోగా లాభం మిగలాలంటే ధర ఎంత పెరగాలో మీరే లెక్క వేయండి.

‘ఆపాదితం’ అన్న మాటనూ తేలిగ్గా తీసుకోకండి. 1981 నాటి ఫ్రెంచ్ డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం, చిత్రం ఆ కళాకారుడి కాలంలోదే, ఆయనే గీసి ఉండవచ్చనడానికి గట్టి ఆధారాలున్నాయి అని మాత్రమే దానర్థం. ఆయనే గీశాడన్న హామీ అందులో లేదు. నికొలా ఒజాన్ (1728–1811) బ్రెస్ట్‌లోనే పుట్టి, ఫ్రాన్స్ రేవులను వరుసగా గీసిన గొప్ప చిత్రకారుడు. అయితే తమ్ముడు పియేర్ కూడా ఓడల బొమ్మలు గీసినవాడే, చెల్లెళ్లు చెక్కుడు చిత్రాల (రేకు మీద చెక్కి కాగితంపై అచ్చు వేసేవి) కళాకారిణులు. ఒకే ఇంట్లో ఇన్ని చేతులున్నప్పుడు, రేపు మరో నిపుణుడు వేరే పేరు చెబితే ధర ఎక్కడికి పడిపోతుందో! అప్పు వాయిదా మాత్రం తగ్గదు.

ఒజాన్ మీద అంత ఇష్టం ఉంటే, ఆయన రేవు చిత్రాలను లె గువాజ్ అనే చెక్కుడు చిత్రకారుడు చెక్కగా అచ్చైన ప్రతులు చాలా తక్కువకే దొరుకుతాయి. అదీ నిధి పోగయ్యాకే.

లోన్ రద్దు చేసుకోవడానికి సంతకం చేసిన నాటి నుంచి 14 రోజులు గడువుంది. ఒప్పందంతో ఇచ్చిన రద్దు ఫారం నింపి రేపే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. డబ్బు ఇప్పటికే ఖాతాలో పడి ఉంటే ముట్టుకోకుండా తిరిగి కట్టేయండి.