దారిలో బెల్టు తెగితే కారు అలాగే ఊరు దాకా నడపొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరు కారులో వెళ్తున్నామని, పొద్దున స్టార్ట్ చేస్తే బోనెట్ లోంచి కీచుమంటోందని, మెకానిక్ "ఏం గాదు, పోయి రా" అన్నాడని రాశారు. ఒకవేళ దారిలో ఇంజిన్ ముందు పుల్లీల మీద తిరిగే రబ్బరు బెల్టు తెగితే ఎంత దూరం లాగొచ్చని మీ ప్రశ్న.

మీ బండిలో వాటర్ పంపును, అంటే ఇంజిన్ చల్లబడేలా కూలెంట్‌ను తిప్పే పంపును, ఏది తిప్పుతుందో ముందు తెలుసుకోండి. జవాబంతా దాని మీదే ఉంది. ఆ సంగతి తెలియక నేను నల్లమలలో ఇంజిన్ పోగొట్టుకోబోయాను.

రెండేళ్ల కింద, మే నెల. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు. డీజిల్ బండి, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. అప్పటికి నెల రోజుల నుంచి బోనెట్ కింద ఒక చప్పుడు. మీది కీచు అన్నారు కదా, నాది అది కాదు. రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు గరగర. ఏసీ వేస్తే ఎక్కువయ్యేది. మా ఊళ్లో ఒక గ్యారేజీలో చూపిస్తే బెల్టు పాతదైందని కొత్తది వేసి పంపారు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు మళ్లీ మొదలైంది. కొత్త బెల్టే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నా.

మన్ననూరు చెక్‌పోస్టు దాటేసరికి మధ్యాహ్నం మూడున్నర. వటవర్లపల్లి ఇంకా రాలేదు. ముందు ఏసీ గాలి వెచ్చబడింది. చిన్నోడు "డాడీ, టైరు కాలిన వాసనొస్తుంది" అన్నాడు. డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. తర్వాతి మలుపులో చూస్తే స్టీరింగు తిరగదే! రెండు చేతులతో గుంజాల్సి వచ్చింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు మీద నల్లటి పట్టీ ఒకటి పాములా పడి ఉంది.

నిజం చెప్తున్నా, నాకు ఆపాలనిపించలేదు. బండి నడుస్తూనే ఉంది, ముందుకు పోతే ఏదో ఒక ఊరొస్తుంది. వెనక సీట్లోంచి అమ్మే, "ముందుగాల ఆపు బిడ్డా, పిల్లలున్నరు" అంది. ఆపి చూస్తే టెంపరేచర్ ముల్లు అప్పటికే ముప్పావు దాటింది. నా బండిలో డైనమో, ఏసీ, పవర్ స్టీరింగు, వాటర్ పంపు, అన్నీ ఆ ఒక్క బెల్టు మీదే తిరుగుతాయి. పంపు ఆగితే రేడియేటర్ నిండా కూలెంట్ ఉన్నా ఉన్నచోటే ఉడుకుతుంది తప్ప ఇంజిన్ చుట్టూ తిరగదు. అలా ఇంకొన్ని కిలోమీటర్లు పోతే ఇంజిన్ పైభాగం (హెడ్) కింద ఉండే గాస్కెట్ కాలుతుంది, హెడ్ వంగుతుంది. వేలల్లో పోయేది లక్షకు చేరుతుంది.

బోనెట్ ఎత్తితే అసలు దొంగ దొరికింది. బెల్టుకు దారి చూపడానికి మధ్యలో ఒక నల్ల ప్లాస్టిక్ చక్రం ఉంటుంది, ఐడ్లర్ పుల్లీ అంటారు. దాని బేరింగు బిగుసుకుపోయింది. తిరగని చక్రం మీద బెల్టు రాసుకుని రాసుకుని ప్లాస్టిక్కు కరిగి, చక్రం ఒక పక్కకు ఒరిగింది. కొత్త బెల్టు అంచంతా దారాలు దారాలుగా లేచిపోయింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. కోతులు మాత్రం దండిగా వచ్చాయి, పిల్లల చిప్స్ ప్యాకెట్ కోసం. అరగంటకు శ్రీశైలం పోయే ఆర్టీసీ బస్సు వస్తే చెయ్యెత్తి అమ్మనూ ఆవిడనూ పిల్లలనూ ఎక్కించేశా. మల్లన్న దర్శనం వాళ్లకు, బేరింగు దర్శనం నాకు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవిలోకి బండ్లు వదలరు. చీకటి పడితే ఇక వచ్చేవాళ్లెవరూ ఉండరని నా భయం. ఐదింటికి ఖాళీ డీసీఎం ఒకటి ఎదురుగా వచ్చింది. డ్రైవరు మాట్లాడకుండా తాడు తీశాడు.

టోచన్ అంటే తాడు కట్టి కూర్చోవడమే అనుకునేవాణ్ణి. ఇంజిన్ ఆగితే బ్రేకు కూడా గట్టిపడుతుంది, మామూలు బలానికి లొంగదు. తాళం తీసేస్తే స్టీరింగు లాక్ పడుతుంది, కాబట్టి తాళం ఆన్‌లోనే ఉంచాలి. తాడు వదులైతే ముందు బండి ఒక్క గుంజు గుంజుతుంది, తెగుతుంది కూడా. అందుకని వెనకవాడు సన్నగా బ్రేకు పట్టి తాడు బిగువు తగ్గకుండా చూసుకుంటూ రావాలి. మన్ననూరు చేరేసరికి నా కుడికాలు వణికిపోతోంది. అక్కణ్ణుంచి అచ్చంపేట దాకా కూడా అదే తాడు. అతను 1,500 తీసుకున్నాడు, ఇంకా ఇవ్వాలనిపించింది.

అచ్చంపేట మెకానిక్ పెద్దాయన. బెల్టు ముక్క చూసి, "బెల్టు చచ్చింది సార్, చంపింది పుల్లీ" అన్నాడు. బెల్టు తీసి ఉన్నప్పుడు పుల్లీలన్నీ చేత్తో తిప్పి చూడాలట. నాతో తిప్పించాడు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీ మంచిది, గ్రీజు పట్టుతో మెత్తగా తిరిగి వెంటనే ఆగింది. గ్రీజు ఎండిపోయినదైతే అలా ఆగదట, చప్పుడు చేసుకుంటూ తిరుగుతూనే ఉంటుందట, పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడుతుంది. "ఇంజిన్ వాష్ చేయిస్తరా?" అని అడిగాడు. యాదగిరిగుట్టలో బండికి పూజ చేయించినప్పుడల్లా ముందు రోజు ప్రెషర్ నీళ్లతో బోనెట్ లోపల కడిగించడం నా అలవాటు. ఆ నీళ్లు సీలు దాటి బేరింగులోకి పోతే గ్రీజు కొట్టుకుపోతుంది, మన ఎర్రమట్టి దుమ్ము దాని చోట్లోకి చేరుతుంది. అప్పటి నుంచి మానేశా. నిమ్మకాయలు మాత్రం తొక్కిస్తూనే ఉన్నా.

ఇంకో మాట అన్నాడు, దానికి నాకు ఒళ్లు జలదరించింది. నా బండికి బ్రేకు తేలిగ్గా పడేలా వ్యాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉందట. కొన్ని డీజిల్ బండ్లు అంతేనట. బెల్టు తెగితే డైనమో ఆగుతుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేకు రాయి అవుతుంది. నేను మొండిగా ముందుకే పోయి ఉంటే ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాటే!

పుల్లీ అచ్చంపేటలో దొరకలేదు. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో మర్నాడు పొద్దున వచ్చింది. పుల్లీ 1,150, బెల్టు 900, కూలీ 500. దర్శనం చేసుకున్నవాళ్లే బస్సులో అచ్చంపేట వచ్చి నన్ను కలుసుకున్నారు.

ఇక మీ సంగతి. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని రెండు నిమిషాల్లో పోతుంటే చాలాసార్లు బెల్టు వదులైందనో అరిగిందనో అర్థం. స్ప్రేలు, సబ్బు రుద్దకండి, నాలుగు రోజులు నోరు మూయిస్తాయంతే. ఇప్పటి బెల్టులు పాతవాటిలా పగుళ్లు చూపించవు, గాడుల్లో రబ్బరు అరిగిపోతుంది, పైకి బాగానే కనిపిస్తాయి. బెల్టు మార్పిస్తే టెన్షనర్, ఐడ్లర్ కూడా తిప్పించి చూడండి, లక్ష కిలోమీటర్లు దాటిన బండైతే కలిపి మార్పించేయడమే నయం.

వాటర్ పంపు ఈ బెల్టు మీద ఉంటే, తెగిన చోటే పక్కకు తీసి ఆపాలి, వేరే మాట లేదు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. పంపు వేరేగా తిరిగే బండైతే, బ్రేకూ స్టీరింగూ మామూలుగా ఉంటే, పగటి పూట ఏసీ, బ్లోయర్, పాటలు, చార్జర్ అన్నీ కట్టేసి బ్యాటరీ మీద దగ్గరి ఊరు చేరొచ్చు. మధ్యలో ఇంజిన్ ఆపకండి, మళ్లీ సెల్ఫ్ అందుకోకపోవచ్చు. చున్నీ కట్టి, సైకిల్ ట్యూబు కట్టి నడిపామని పెద్దవాళ్లు చెప్పేవి పాత అంబాసిడర్ల కథలు. గాడుల బెల్టు చోట అవి నిలబడవు.

టైమింగ్ బెల్టు సంగతి వేరు. ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో జత కలిపి తిప్పే బెల్టు అది, మూత వెనక కనపడకుండా ఉంటుంది, తెగితే బండి టక్కున ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు. పిస్టన్లు వాల్వులకు తగిలే ఇంజిన్లలో మిగిలినవీ విరుగుతాయి. మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు మార్చమన్నారో చూడండి.

బయల్దేరే ముందు బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా పోతోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బెల్టు మీద 6పీకే1230 లాంటి నంబరుంటుంది, 6 అంటే గాడులు, 1230 అంటే మిల్లీమీటర్లలో పొడవు. ఆ నంబరుది ఒకటి డిక్కీలో పడేసుకోండి. మీ దారి 44 నంబరు హైవే కాబట్టి నా అంత కష్టం ఉండదు, కొత్తకోట, పెబ్బేరు, కర్నూలు, ఎక్కడైనా మనుషులున్నారు, 1033కి ఫోన్ చేస్తే హైవే వాళ్లు వస్తారు.

ఆ కీచు ఏసీ వేసినప్పుడు పెరుగుతోందా, ఇంజిన్ వేడెక్కాక కూడా ఉంటోందా? ఏ బండో, ఎంత తిరిగిందో కూడా కింద రాయండి, నాకు తెలిసింది చెప్తా.