రెజ్యూమే మీద మీ ఫోను నంబరు ఎందుకుంది?

ప్రశ్న: మా అమ్మాయి 2024లో ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది. 74 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు లేవు. ఇప్పటికి దాదాపు 200 కంపెనీలకు రెజ్యూమే పంపాం. పిలుపు మాత్రం లేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీవారు 40 వేలు కడితే డేటా సైన్స్‌లో రెండేళ్ల అనుభవం చూపించి రెజ్యూమే తయారు చేస్తామంటున్నారు. ఇంకొకరు తక్కువ డబ్బుకే ఏటీఎస్ స్కోరు 90 దాటేలా రాసిస్తామంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలు? కవర్ లెటర్ తప్పనిసరిగా ఉండాలా?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మాయితో ఒకసారి మాట్లాడి జవాబు రాద్దామని, మీరు పంపిన రెజ్యూమే మీది నంబరుకు ఫోను చేశాను. మీరే ఎత్తారు. నేనెవరో చెప్పేలోపే ‘హైదరాబాద్‌లోనేనా అండీ, జీతం ఎంత?’ అని అడిగారు. ఈ ఏడాదిలో నాకంటే ముందు ఎవరైనా ఫోను చేసి ఉంటే వారికీ ఇదే స్వాగతం దొరికి ఉంటుంది. ఇంజనీరు కావాలనుకున్నవారు ఇంజనీరుతో మాట్లాడాలనుకుంటారు. నాన్నగారు పలికితే ‘తర్వాత చేస్తాం’ అని పెట్టేస్తారు, మళ్లీ చేయరు.

కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో మీరు ‘రెజ్యూమే పంపాం’ అని రాశారు, ‘పంపింది’ అని రాయలేదు. తర్వాత అమ్మాయితో మాట్లాడి అడిగితే చెప్పింది, చాలావాటికి దరఖాస్తు పెట్టింది మీరేనట. ఏ కంపెనీకి ఏ ఉద్యోగం కోసం వెళ్లిందో తనకే తెలియదట. ఒకే కాగితాన్ని 200 చోట్లకు పంపడం పెళ్లి శుభలేఖలు పంచినట్టే. అందినవారెవరూ అది తమ కోసం రాసిందనుకోరు.

ఇలాంటి ఉత్తరం ఊరి పేరు మాత్రం మారి నాకు నెలకు నాలుగైదు వస్తుంది. అడిగేది రెజ్యూమే గురించే అయినా, లోపల తొలిచే ప్రశ్న వేరు: ‘నాలుగేళ్ల ఫీజులు బూడిదలో పోసిన పన్నీరేనా? లోపం మా పిల్లలోనే ఉందా?’ లేదండీ. ఆమె కాలేజీ నుంచి బయటికొచ్చిన కాలం అలాంటిది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య దాదాపు 64 వేలు తగ్గింది. టీసీఎస్ ఒక్కదానిలోనే 13 వేలకు పైగా. ఉన్నవారి సంఖ్యే తగ్గుతున్నప్పుడు కొత్తవారికి తలుపులు సగమే తెరుస్తారు. ఆ ఏడాది చదువు ముగించిన పిల్లలు చాలామంది ఇలాగే ఎదురుచూశారు. చుట్టాలు అడిగితే ఈ మాటే చెప్పండి. పెళ్లి సంబంధాల వారికి కూడా.

ఇక ఆ 40 వేల సంగతి. కట్టవద్దు. నీతి పక్కన పెట్టి లెక్కే చూద్దాం. 2014 నుంచి ఒక ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నింటికీ కలిపి యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంది. మనిషి ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటివరకు పనిచేశాడో దానిలో కనిపిస్తుంది. చేరేటప్పుడు చాలా కంపెనీలు అడిగేది దానినే. జీతంలో కోసిన పన్ను ఉంటే ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లోనూ జాడ ఉంటుంది. రెండేళ్లు పనిచేశానన్న అమ్మాయికి పీఎఫ్‌లో ఒక్క నెలా లేకపోతే ఏమని చెబుతుంది? కొన్నిసార్లు ఈ తనిఖీ చేరిన ఆరు నెలలకు జరుగుతుంది. అప్పుడు ఉద్యోగం పోతుంది, పైగా ఎందుకు పోయిందో తర్వాతి కంపెనీకి చెప్పుకోవాలి. అసలు ఆమెకు డేటా సైన్స్ మీద ఆసక్తి ఉందా? నేను అడిగాను. ‘నాన్నగారు అందరూ అదే చేస్తున్నారన్నారు’ అంది.

ఏటీఎస్ స్కోరు అమ్మేవారి మీదా నాకు నమ్మకం తక్కువ. ఏటీఎస్ అంటే వచ్చిన దరఖాస్తులను దాచి, వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. బయటి వెబ్‌సైట్లు చూపించే 90, 95 మార్కులు ఆ వెబ్‌సైట్లు వేసుకున్నవే, కంపెనీ వేసినవి కావు. తెలుసుకోవాల్సింది కొంచెమే: రెండు వరుసలుగా, పెట్టెలు, బొమ్మలతో చేసిన రెజ్యూమేను ఆ సాఫ్ట్‌వేర్ తికమకగా చదవవచ్చు. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వరుస తప్పకుండా చదవగలిగితే చాలు. డబ్బు పెట్టాల్సిన పని లేదు.

చాట్‌జీపీటీ రాసిచ్చే కవర్ లెటర్ల మాట కూడా చెప్పాలి. మొన్న ఒక కాలేజీలో 30 మంది పిల్లలు తమ లేఖలు తెచ్చి చూపించారు. అందులో 20 పైచిలుకు ఒకే వాక్యంతో మొదలయ్యాయి: మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో చేరడానికి ఎంతో ఉత్సాహంగా ఉన్నాను అని. ఇంగ్లీషులో తప్పులు దిద్దించుకోవడానికి అది బాగా పనికొస్తుంది, కాదనను. కానీ మీ అమ్మాయికి జరిగింది దానికి తెలియదు కదా.

అమ్మాయికి జరిగిందేమిటో మీకైనా తెలుసో లేదో! రెజ్యూమేలో ప్రాజెక్టు కింద ఒకే ఒక్క లైను ఉంది: ‘స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ యూజింగ్ ఐఓటీ’. ఇలాంటి లైను అమీర్‌పేటలో కొనుక్కున్న ప్రాజెక్టుల మీదా ఉంటుంది. కొన్నదే అనుకున్నాను. కదిపితే అసలు సంగతి బయటపడింది. మీ మిరప చేలో రెండు సాళ్లకు తేమ సెన్సరు పెట్టి, నేల ఎండితే మోటారు ఆడేలా చేసిందట. రెండు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు తెల్లవారి చూస్తే సాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. తడినేలను సెన్సరు ఎండిందని చెప్పింది, మోటారు రాత్రంతా ఆడింది. మిరపకు నీళ్లు నిలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మీరు ఆ రోజు కేకలేశారట, అదీ చెప్పింది.

సెన్సరు పీకి చూస్తే పుల్లల మీది లోహపు పూత తినేసి ఉంది. తడిమట్టిలో ఎప్పుడూ కరెంటు పారుతుండటమే కారణమని కనుక్కుంది. అరగంటకొకసారి, రీడింగు తీసుకునే క్షణంలో మాత్రమే కరెంటు వెళ్లేలా ప్రోగ్రాం మార్చింది. తర్వాత లోహం మట్టికి తగలని కెపాసిటివ్ సెన్సరు తెచ్చి పెట్టింది. ఇదేదీ ఎందుకు రాయలేదమ్మా అంటే, ‘పాడైపోయింది కదండీ, రాస్తే బాగోదనుకున్నాను’ అంది.

ఆ లైను తీసేసి ఇదే నాలుగు ముక్కల్లో రాయమనండి. ఏం పెట్టాను, ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచేశాను. చోటు కావాలంటే నైపుణ్యాల కింద పేర్చిన పదకొండు పేర్లలో తనకు రానివి కొట్టేయవచ్చు. సీ లాంగ్వేజీ, కొంత పైథాన్ తప్ప మిగిలినవి మీరు చేర్పించినవేనట. తండ్రి పేరు, వైవాహిక స్థితి, పాటలు వినడం, ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న చివరి వాక్యం, ఇవన్నీ పోవచ్చు. ఒక పేజీ చాలు.

కవర్ లెటర్ అన్నిచోట్లా అడగరు. పెద్ద కంపెనీల ఫారాల్లో చాలాసార్లు దానికి చోటే ఉండదు. ఎంబెడెడ్ పనులు, అంటే పరికరాల లోపలి చిప్పులకు ప్రోగ్రాములు రాసే పనులు, చేసే చిన్న కంపెనీలకు నేరుగా ఈ-మెయిల్ పంపేటప్పుడు ఆ ఈ-మెయిలే కవర్ లెటర్. ఖాళీగా పెట్టి ‘రెజ్యూమే జత చేశాను’ అని వదిలేయకూడదు. ఇంగ్లీషులో తనే రాసుకుంటుంది, విషయం మాత్రం ఇలా ఉంటే బాగుంటుంది: ‘మీరు నీటి మీటర్లకు సెన్సర్లు చేస్తారని చూశాను. మా మిరప చేలో నేను పెట్టిన తేమ సెన్సరు రెండు వారాల్లో తుప్పు పట్టి మోటారును రాత్రంతా ఆడించింది. కారణం కనుక్కుని సరిచేశాను, వివరం రెజ్యూమేలో ఉంది. ఇలాంటి పని మీ దగ్గర నేర్చుకోవాలనుంది.’ మొదటి వాక్యం మాత్రం కంపెనీ కంపెనీకీ మారాలి. 200 వద్దు, వారానికి ఐదు పంపితే చాలు, ఏది ఎవరికి వెళ్లిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఈలోగా మీరు చేయాల్సింది ఒకటుంది. రెజ్యూమే మీద, దరఖాస్తు పెట్టిన వెబ్‌సైట్లన్నింటిలో మీ నంబరు తీసి అమ్మాయి నంబరు పెట్టండి. ఈసారి నాకు అమ్మాయినే రాయమనండి. సెన్సరు మార్చిన తర్వాతి రీడింగులు ఆమె దగ్గర ఇంకా ఉన్నాయట, వాటినీ జత చేయమనండి.