పొగ కనిపించేదాకా ఆగొద్దమ్మా

స్ప్రింగ్‌వుడ్, ఆస్ట్రేలియా,
అక్టోబర్ రెండో వారం.

చిట్టితల్లికి,

మీ కొత్తింట్లో పాలు పొంగించిన రోజు వంటింటి కిటికీలోంచి ఆ లోయ చూసి అందరం మురిసిపోయాం. "ఇక్కడ కాఫీ పెట్టుకుని కూర్చుంటే ఇంకేం కావాలి పెద్దమ్మా" అన్నావు. నేనేమీ అనలేదు. గృహప్రవేశం రోజున మంటల మాట ఎత్తడం మనసొప్పలేదు. కానీ అక్టోబర్ 1 దాటింది. న్యూ సౌత్ వేల్స్‌లో మార్చి 31 దాకా బుష్‌ఫైర్, అంటే అడవి మంటల, కాలమే. మంట పల్లం నుంచి ఎత్తుకు పాకేటప్పుడు పరిగెడుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం సుమారు రెట్టింపవుతుంది. విన్‌మలీలో మీ ఇల్లు సరిగ్గా ఆ ఎత్తు చివర ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, దీన్ని ఫ్రిజ్‌కి అంటించి పెట్టుకో.

రెంటచింతల ఎండలు చూసిన పల్నాడు పిల్లవి, ఎండ నీకు కొత్త కాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ అదే ధైర్యంతో ఉన్నా. 2020 జనవరి 4న మన కొండ కింద పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు వచ్చింది. అయితే నన్ను భయపెట్టింది ఆ అంకె కాదు, గాలి. పడమటి నుంచి, ఎడారి మీదుగా వచ్చే పొడి గాలి. మన ఊళ్లో వడగాలి వీస్తే తలుపులేసుకుని పడుకుంటాం, సాయంత్రానికి లేస్తాం. ఇక్కడ ఆ గాలి వీచే చోటల్లా జామాయిల్ చెట్లే. వాటి ఆకుల్లో నూనె, వాటి బెరడు పొడుగ్గా ఊడి వేలాడుతుంటుంది. అది అంటుకుంటే గాలికి ఎగిరి చాలా దూరం వెళ్లి పడుతుంది. ఇళ్లు ఎక్కువగా కాలిపోయేది మంట వచ్చి తాకడం వల్ల కాదు, ముందే ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. అవి పడి అంటుకునే చోటు లేకుండా చూసుకోవడమే ఈ కాలంలో ఇంటిపని.

ముందు గట్టర్లు, అంటే ఇంటి కప్పు అంచున వాననీళ్లు పోయే తొట్లు. ఎండిన ఆకు ఒక్కటీ ఉండకూడదు, డిసెంబర్‌లో మళ్లీ చూడాలి. వరండాలో కొబ్బరి పీచు పట్టా, పేము కుర్చీలు, డెక్ కింద పేర్చిన ఐకియా అట్టపెట్టెలు, ఇవన్నీ రవ్వకు తిండే. ఇంకోటి, నీ గుమ్మానికి కట్టిన మామిడాకు తోరణం. ఎండిపోయి గలగలలాడుతోంది, దాన్ని ఈరోజే తీసెయ్. కావాలంటే పండగనాడు పచ్చిది కట్టి సాయంత్రానికి విప్పేసుకుందువు. గ్యాస్ సిలిండర్ గోడకు ఆనించి ఉంది కదా, దాని వాల్వు ఇంటి వైపు కాకుండా బయటికి తిరిగి ఉండాలి. చెట్లు కొట్టే విషయంలో తొందరపడకండి. 10/50 అని ఒక నియమం ఉంది, కొన్ని ప్రాంతాల్లో ఇంటికి 10 మీటర్లలోపు చెట్లు, 50 మీటర్లలోపు పొదలు తీసుకోవచ్చు. మీ అడ్రసుకు అది వర్తిస్తుందో లేదో రూరల్ ఫైర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూశాకే గొడ్డలి పట్టమని అల్లుడికి చెప్పు.

ఇక పొగ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మంట మీ వీధికి ఎప్పటికీ రాకపోవచ్చు, పొగ మాత్రం తప్పకుండా వస్తుంది. 2019 అక్టోబర్ 26న వొలెమై అడవిలో పిడుగుపడి మొదలైన గాస్పర్స్ మౌంటెన్ మంట నెలల తరబడి కాలింది, 5 లక్షల హెక్టార్లు దాటింది. ఆ నెలల్లో పొద్దున లేవగానే సూర్యుడు కుంకుమబొట్టులా ఉండేవాడు. ఆరేసిన బట్టల మీద బూడిద, కారు మీద బూడిద, తులసి కోట మీద బూడిద.

అప్పుడు మా ఇంట్లో ఉన్నది నీళ్ల కూలర్. ఇక్కడ చాలా పాత ఇళ్లలో కప్పు మీద ఉంటుందే, ఎవాపరేటివ్ అంటారు, అది. చల్లగా ఉంది కదా అని డిసెంబర్‌లో ఒక రాత్రంతా నడిపాను. అది బయటి గాలిని లోపలికి లాగుతుందన్న ధ్యాసే లేదు నాకు. తెల్లారేసరికి మా అత్తగారికి ఆయాసం. మాట్లాడలేకపోయారు. ఆసుపత్రికి పరిగెత్తాం. బయట పొగను నా చేతులతో నేనే ఆవిడ గదిలోకి పంపించానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లోదీ అదే రకం. పొగ రోజుల్లో ఆపెయ్. అది కప్పు మీద రవ్వలను కూడా లాక్కుంటుంది.

దాని బదులు ఒక గదిని పొగ గదిగా, అంటే పొగ రాని గదిగా, ఏర్పాటు చేసుకోండి. స్ప్లిట్ ఏసీ ఉన్న మీ పడకగది చాలు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. కిటికీ సందులకు టేపు, తలుపు కింద తడి తువాలు, గది సైజుకు సరిపోయే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్. అది ఇప్పుడే కొనండి. ఆ డిసెంబర్‌లో నేను ఎన్ని షాపులు తిరిగినా దొరకలేదు. మాస్కులూ అంతే. బట్ట మాస్కు ఈ పొగకు పనికిరాదు, పీ2 లేదా ఎన్95 ఉండాలి. బాబుకు నాలుగేళ్లే కాబట్టి వాడి ముఖానికి అవి బిగుతుగా అతకవు. వాణ్ని లోపల ఉంచడమే దారి. వాడికి పిల్లికూతలు వస్తున్నాయన్నావు కదా, ఈ నెలలోనే డాక్టర్‌కి చూపించి ఆస్తమా ప్లాన్ కాగితం మీద రాయించుకో. ఆయాసానికి మందు పీల్చే పఫర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం ఇంట్లో ఒకటి, కారు సంచిలో ఒకటి.

ఆ రోజుల్లో వంట కూడా మార్చుకోవాలి. తలుపులన్నీ మూసి తిరగమోత వేస్తే ఆ ఘాటుకు ఎవరైనా దగ్గుతారు. వేపుళ్లు, పూరీలు వద్దు. తెల్లవారుజామున అన్నం, పప్పు కుక్కర్లో పెట్టెయ్. మధ్యాహ్నం పెరుగన్నం, పచ్చిమిరపకాయ, రోజంతా పల్చటి మజ్జిగ. దేవుడి దగ్గర చిన్న దీపం చాలు, అగరొత్తులు, సాంబ్రాణి మానెయ్. వాక్యూమ్ చేస్తే పడిన బూడిద మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడువు. ఎనిమిదిలోపు ఎండ వైపు కర్టెన్లు దించెయ్. సాయంత్రం గాలి బాగుందని తెలిస్తే మాత్రం అన్నీ బార్లా తెరువు, మూసిన ఇల్లు కూడా ఉక్కకు ప్రాణం తీస్తుంది. ఏసీ చాలకపోతే పట్టుదలకు పోవద్దు, అమ్మానాన్నలను, బాబును తీసుకుని లైబ్రరీకో, పెన్‌రిత్ మాల్‌కో వెళ్లిపో. పెద్దవాళ్లకు దాహం తెలియదు. అడిగితే వద్దంటారు, గ్లాసు చేతికిచ్చెయ్.

ఇప్పుడు అసలు మాట.

2013 అక్టోబర్ 17. ఇంకా ఎండాకాలం కూడా రాలేదు, వసంతమే. మధ్యాహ్నం మొదలైన మంట మీ విన్‌మలీలో, ఆ చుట్టుపక్కల 190కి పైగా ఇళ్లను బూడిద చేసింది. మీ పెదనాన్న ఆఫీసులో ఉన్నారు. నేను ఒక్కదాన్నే. వెళ్లిపోదామని అనుకున్నాక కూడా పెళ్లి ఆల్బమ్ కోసం, వెండి కుందుల కోసం ఇల్లంతా తిరిగాను. ఇరవై నిమిషాలు పోయాయి. రోడ్డెక్కేసరికి కార్లు బారులు తీరి ఉన్నాయి, మధ్యాహ్నమే చీకటి, హెడ్‌లైట్లు వేసుకుని నడిచాయి. కొండ దిగడానికి గంట దాకా పట్టింది. ఆ గంటలో నాకు ఆల్బమ్ గుర్తు రాలేదమ్మా, బడిలో ఉన్న పిల్లలే గుర్తొచ్చారు.

కాబట్టి మీరు వెళ్లేది మంట చూసి కాదు, పొగ చూసి కాదు, ముందురోజు సాయంత్రం వచ్చే మంటల ప్రమాదపు రేటింగ్ చూసి. మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటాస్ట్రాఫిక్ అని నాలుగు ఉంటాయి. కెటాస్ట్రాఫిక్ అంటే ముందు రాత్రే, లేదా తెల్లవారుజామునే బయలుదేరాలి. ఎక్స్‌ట్రీమ్ రోజున కొందరు ఇంట్లోనే ఉంటారు. చిన్నపిల్లాడూ, పెద్దవాళ్లూ ఉన్న మీ ఇల్లు ఆ రోజు కూడా ఖాళీ చేయాలన్నది నా మాట. ఎక్కడికి? కొండ దిగాక సిడ్నీ వైపు వెంట్‌వర్త్‌విల్‌లో అల్లుడి స్నేహితుడి కుటుంబం ఉంది కదా. ఇప్పుడే అడిగి పెట్టుకో. మనవాళ్లకు ఇక్కడే ఇబ్బంది, మొహమాటం. ఏమీ జరగకుండానే సంచులతో దిగబడితే ఏమనుకుంటారోనని చూస్తూ కూర్చుంటాం. ఏమీ జరగకపోతే వాళ్లింట్లో భోంచేసి, పిల్లలు ఆడుకుని, రాత్రికి తిరిగొస్తారు. ఒక ఎండాకాలంలో అలా ఐదారుసార్లు వెళ్లాల్సి రావచ్చు. ప్రతిసారీ వెళ్లు.

ఫోన్‌లో మంటల హెచ్చరికలు పంపే హజార్డ్స్ నియర్ మీ యాప్ పెట్టుకుని మీ ఇంటి చుట్టూ వాచ్ జోన్ గీసుకో. పొద్దున కాఫీ కంటే ముందు దాన్ని చూడు. అడ్వైస్, వాచ్ అండ్ యాక్ట్, ఎమర్జెన్సీ వార్నింగ్ అని మూడు మెట్లు వస్తాయి. మూడో మెట్టుకు మీరు కొండ మీద ఉండకూడదు. కరెంటు పోతే టవర్లూ పోవచ్చు, అప్పుడు కారు రేడియోలో ఏబీసీ సిడ్నీ 702 పెట్టు. కరెంటు లేనప్పుడు మీ గ్యారేజీ తలుపు రిమోట్‌కు లేవదు. లోపల ఒక తాడు వేలాడుతుంటుంది, దాన్ని లాగి చేత్తో ఎత్తడం నువ్వూ మీ అమ్మా కూడా నేర్చుకోండి. ఆ నెలల్లో కారులో పెట్రోలు సగానికి తగ్గనివ్వకు.

సాయంత్రం చల్లటి దక్షిణపు గాలి, సదర్లీ, తిరిగితే హమ్మయ్య అనుకుని ఇంటికి బయలుదేరకండి. గాలి దిశ మారగానే అంతసేపూ పక్కగా సాగిన మంట పొడుగంతా ఒక్కసారిగా ముందుకు కదులుతుంది. ప్రమాదం లేదని అధికారులు చెప్పేదాకా అక్కడే ఉండండి.

సంచి ఈ వారమే సర్దు. పాస్‌పోర్టులు, మీ అమ్మానాన్నల వీసా, ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు, రెండు వారాల బీపీ, షుగర్ మందులు, పఫర్, ఛార్జర్లు, కొంత నగదు, బాబు బొమ్మ ఒకటి. నగలు ముందే లాకర్లో ఉంచు. పాత ఫోటోలన్నీ స్కాన్ చేయించు, అప్పుడు నాలా వెతుక్కోవు. మంట రోజున అందరికీ నూలు బట్టలు, మూసిన బూట్లు. మీ అమ్మకు నైలాన్, పాలిస్టర్ చీరలు వద్దని ఇప్పుడే చెప్పు, రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కారులో ఉన్ని దుప్పట్లు పెట్టు. బయలుదేరేటప్పుడు కిటికీలు మూసి, గ్యాస్ కట్టి, బయటి పట్టాలు లోపల పడేసి, బయట ఒక లైటు వేసి ఉంచితే చాలు, పొగలో ఫైర్ వాళ్లకు ఇల్లు కనిపిస్తుంది. పక్కింటి ముసలాయనకు ఒక మాట చెప్పి వెళ్లండి.

మీ నాన్న భోగి మంట గురించి అడిగారట. టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజున ఆరుబయట మంట వేస్తే నేరం. బ్యాన్ లేకపోయినా మీ పెరట్లో వద్దు. 2020లో మేం భోగి మంట వేయలేదు. పిల్లలకు చెర్రీలు, చిల్లర, పూలరెక్కలు కలిపి భోగిపళ్లు పోశాం, మా అత్తగారు పక్కమీదే కూర్చుని హారతిచ్చారు. భోగికి పారేసే పాత సామాను మీరు ఈ నెలలోనే కౌన్సిల్ వాళ్లు పాత సామాను తీసుకెళ్లే క్లీనప్‌కు వేసెయ్యండి. డెక్ కింద ఖాళీ అవుతుంది.

శనివారం ఏడింటికల్లా వస్తాం. మీ పెదనాన్న నిచ్చెన, చేతి తొడుగులు తెస్తారు, నేను ఇడ్లీ పిండి తెస్తాను. గట్టర్లు అయ్యాక అందరం కారెక్కి రెండు దారుల్లోనూ ఒకసారి కొండ దిగి చూద్దాం, హైవే మీదుగా ఒకసారి, హాక్స్‌బరీ రోడ్డు మీదుగా ఒకసారి. బాబుకు పిక్నిక్ అని చెప్పు.

మీ
పెద్దమ్మ