కాన్పు సాయానికి వచ్చిన అత్తగారితో ఆరు నెలలు

కాన్పు సాయానికి మొదటి ఆరు నెలలు అమ్మ, తరువాతి ఆరు నెలలు అత్తగారు వచ్చి ఉండడం అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఇంచుమించు ఆచారమైపోయింది. బి-2 వీసా (సందర్శకుల వీసా) మీద వచ్చినవారికి విమానాశ్రయంలో సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు కనుక ఈ లెక్క కుదిరింది. అమ్మ ఉన్నంతకాలం సాఫీగా సాగిన ఇల్లు, అత్తగారు దిగిన పక్షం రోజులకే ఎందుకు చిటపటలాడుతోందని కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను తరచుగా అడుగుతుంటారు. తప్పు ఎవరి స్వభావంలో ఉందో తేల్చే ముందు, ఆ ఇంట్లో ఆమె పగలంతా ఎలా గడుపుతున్నారో చూడమని చెబుతాను.

మన ఊళ్లో ఆమె ఒక ఇంటికి యజమానురాలు. కూరగాయల బండివాడితో బేరమాడి, సాయంత్రం గుడికి వెళ్లి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి. ఇక్కడ కారు నడపడం రాదు, చాలా పేటల్లో నడిచి వెళ్లగలిగినంత దూరంలో అంగడి ఉండదు, కొడుకు సాయంత్రం దాకా కనబడడు. మీ సంగతీ అంతే కదా! హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసాపై ఉన్న భర్త మీద ఆధారపడిన భార్యకిచ్చే వీసా మీద వచ్చి ఉద్యోగానుమతి లేక, పసిబిడ్డతో రాత్రంతా నిద్రలేక మీరూ ఆ నాలుగు గోడల మధ్యే ఉంటారు. ఇద్దరికీ వేరే వ్యాపకం లేనప్పుడు పోపులో ఇంగువ ఎక్కువైందన్న మాట కూడా పెద్ద తగవవుతుంది. అందుచేత వారానికి రెండుమూడు సార్లయినా ఆమె మీరు లేకుండా బయటికి వెళ్లే ఏర్పాటు చేయండి. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని ఇర్వింగ్ వంటి చోట్ల సాయంత్రం నడకకు వచ్చే మన పెద్దవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఒక్క స్నేహం కుదిరితే ఇంట్లో సగం వేడి తగ్గుతుంది.

అసలు గొడవ బిడ్డ దగ్గర వస్తుంది. తల గుండ్రంగా రావాలని ఆమె ఊరినుంచి ఆవాల దిండు కుట్టించి తెస్తారు. ఇక్కడి పిల్లల డాక్టరేమో ఏడాది నిండేవరకు దిండు వద్దని, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమని చెబుతారు. తేనె నాకించడం ఏడాదిలోపు ప్రమాదం, మంచినీళ్లు సుమారు ఆరు నెలలవరకు అక్కరలేదు, సీసం ఉండే అవకాశం ఉన్నందున కాటుక వద్దు. సాంబ్రాణి ధూపం వేస్తే పసివాడి ఊపిరికి మంచిది కాదు, పైగా పొగ అలారం మోగి అపార్టుమెంటంతా ఉలిక్కిపడుతుంది. ఈ మాటలు కోడలి నోట వస్తే, ముగ్గురిని పెంచిన తనకు పాఠాలు చెబుతున్నట్టుగా ఆమెకు వినిపిస్తాయి. నెలకు, రెండు నెలలకు, నాలుగు నెలలకు జరిగే పరీక్షలకు ఆమెను కూడా తీసుకువెళ్లి, ఆమె సందేహాలను కొడుకు చేతే డాక్టరును అడిగించండి. డాక్టరు వద్దన్నవాటిలో మీరు ఒక్క మెట్టు కూడా దిగనక్కరలేదు. మిగిలినవాటిలో మాత్రం ధారాళంగా దిగండి. నూనె రాసి నలుగు పెట్టడం, మీ పథ్యం వంట, బారసాల ఏర్పాట్లు ఆమెకే వదిలేస్తే పోయేదేమీ లేదు, మీకు రెండు గంటల నిద్ర దక్కుతుంది.

మీ వారి పాత్ర గురించి మొహమాటం లేకుండా చెబుతాను. "తనకు ఇష్టం లేదమ్మా" అని తప్పుకునే కొడుకు తగవు తీర్చడు, దాన్ని మీ నెత్తిన పెట్టి ఆఫీసుకు పోతాడు. "నేనే వద్దన్నాను" అని తల్లికి తానే చెప్పాలి, అదీ మీరు లేనప్పుడు చెప్పాలి. ప్రయాణపు బీమా పాత జబ్బులకు సాధారణంగా వర్తించదు కనుక, ఆమె బీపీ, షుగరు మాత్రలు గడువంతటికీ సరిపడా ఉన్నాయో లేదో చూసుకోవలసిన బాధ్యత కూడా అతనిదే. మీరు కూడా రాత్రిపూట పడకగదిలోంచి అమ్మకు వాట్సాప్‌లో అన్నీ ఏకరువు పెట్టకండి. ఇక్కడి చెక్క గోడలు ఏమీ దాచవు.

అయితే సర్దుబాటు చేసుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మీ పాస్‌పోర్టు, నగలు లాక్కోవడం, ఫోను వాడనివ్వకపోవడం, చేయి చేసుకోవడం అత్తాకోడళ్ల తగవులు కావు. అపాయం ఉంటే అత్యవసర నంబరు 911కు, సలహా కావాలంటే జాతీయ గృహహింస సహాయ కేంద్రానికి 1-800-799-7233 నంబరులో ఫోను చేసి, అవసరమైతే దుబాసీని అడగండి. భర్తే హింసిస్తుంటే, హెచ్-4 మీద ఉన్న భార్య ఉద్యోగానుమతికి స్వయంగా దరఖాస్తు చేసుకునే వీలును చట్టం కల్పించింది.

ఇక గడువు పొడిగింపు. ఐ-94లో (దేశంలోకి వచ్చినప్పుడు ఎంతకాలం ఉండవచ్చో నమోదు చేసే పత్రంలో) రాసిన తేదీకి ముందే దరఖాస్తు పెట్టాలి కనుక చాలామంది ఆఖరి నెలలో, అందరూ విసిగి ఉన్న సమయంలో ఈ చర్చ మొదలుపెడతారు. ఉండమంటే కోడలికి భారం, వద్దంటే అత్తగారికి అవమానం అన్నట్టు తయారవుతుంది. తిరుగు టిక్కెట్టు కొనే రోజే భార్యాభర్తలిద్దరూ ఒక మాట అనుకుని, ఆ తేదీని అత్తగారికి కొడుకు చేత ముందే చెప్పించండి.